పాత ఎస్‌యూవీ వెనక కుంగితే: కొత్త స్ప్రింగు కన్నా ముందు కావలసింది తూకం చీటీ

పదిహేనేళ్లు తిరిగిన సఫారీనో స్కార్పియోనో చదునైన చోట నిలిపి పక్క నుంచి చూస్తే చాలు, వెనక భాగం కిందికి జారినట్టు తెలిసిపోతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కి స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు కింద నుంచి దడేల్‌మని ఒక దెబ్బ వినిపిస్తుంది. యజమాని షెడ్డుకు వెళ్లి, స్ప్రింగులు మెత్తబడ్డాయి, గట్టివి వేయమంటాడు. షెడ్డువాళ్లు కూడా హెవీ డ్యూటీ రకమని ఏదో ఒక జత తెప్పించి బిగిస్తారు. బండి లేచి నిలబడుతుంది, అందరికీ తృప్తి. నెల తిరిగేసరికి వెనక సీటులో కూర్చున్నవాళ్ల నడుము నొప్పులు మొదలవుతాయి.

ఈ కథ ఇన్నిసార్లు జరగడానికి కారణం ‘మెత్తబడ్డాయి’ అనే మాటే. కాయిల్ స్ప్రింగు గట్టితనం ఉక్కు స్వభావం మీద, తీగ మందం మీద, చుట్టు వ్యాసం మీద, పనిచేసే చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. పదిహేనేళ్లలో వీటిలో ఏదీ చెప్పుకోదగ్గంతగా మారదు. తుప్పు తీగను బాగా తినేస్తే తప్ప, కొత్తప్పుడు ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బరువు కావాలో ఇప్పుడూ అంతే కావాలి. మారేది పొడవు. ఏళ్ల తరబడి బరువు కింద నలిగి, ఓవర్‌లోడ్‌లో పూర్తిగా నొక్కుకుపోయి, స్ప్రింగు బరువు లేనప్పుడు ఉండవలసిన నిడివిని కొంచెం కొంచెంగా కోల్పోతుంది. అంటే కుంగిన స్ప్రింగు పొట్టిదైంది, అంతే. ఆ దెబ్బ కూడా యాక్సిల్‌కూ దాన్ని మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకూ మధ్య ఉండవలసిన ఖాళీ తగ్గిపోవడం వల్ల వస్తున్నదే.

కాబట్టి బండి మీద శాశ్వతంగా బరువు పెరగకపోతే కావలసింది అసలు గట్టితనం, అసలు పొడవు ఉన్న కొత్త జత. బరువు పెరిగి ఉంటే, పెరిగినంత మేరకే గట్టిది కావాలి. ఎంత పెరిగిందో కంటితో చూసి చెప్పలేం.

ముందు కొలత

నేల నుంచి ఫెండర్ అంచు దాకా కొలవడం అందరూ చేసే పని. టైరు అరిగినా, గాలి తగ్గినా, వేరే సైజు టైరు వేసినా ఆ కొలత మారిపోతుంది. చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు దాకా నిలువుగా కొలవాలి. అప్పుడు టైరు లెక్కలోకి రాదు. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోవాలి. జాకీ మీద నుంచి అప్పుడే దింపిన బండిని వెంటనే కొలవకూడదు. నాలుగైదు మీటర్లు ముందుకు, వెనక్కు నడిపి, బంపర్ పట్టుకుని రెండు మూడుసార్లు నొక్కి వదిలాక కొలవాలి. డీజిల్ ట్యాంకు ఎంత నిండి ఉందో కూడా రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే 60 లీటర్ల డీజిల్ అంటే దాదాపు 50 కిలోలు.

కుడి, ఎడమల మధ్య 10 మి.మీ. లోపు తేడా ఉంటే పట్టించుకోనవసరం లేదు. అంతకన్నా ఎక్కువైతే కారణం వెతకాలి, అది వెనక స్ప్రింగే కానక్కర్లేదు. పాత సఫారీలో ముందు వైపు కాయిల్ బదులు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉంటాయి. ఒక బార్ సర్దుబాటు తప్పితే ఆ వంపు వెనక మూలలో కూడా కనిపిస్తుంది. దీన్ని తేల్చడానికి నమ్మకమైన పద్ధతి వెనక రెండు స్ప్రింగులను కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి చూడటం. వంపు కూడా పక్క మారితే దోషం స్ప్రింగుది. మారకపోతే ఛాసిస్, స్ప్రింగు కూర్చునే కప్పు, ముందు సస్పెన్షన్, వీటిలో ఏదో ఒకటి.

షాకర్లను నిందించడం కూడా అలవాటే. షాకర్ బండి బరువును మోయదు, ఊగిసలాటను ఆపుతుంది. గ్యాస్ షాకర్ లోపలి ఒత్తిడి వల్ల వచ్చే కొద్దిపాటి లేపుడు తప్ప ఎత్తుతో దానికి సంబంధం లేదు. కొత్త షాకర్లు వేస్తే వెనక భాగం లేస్తుందనుకుని డబ్బు పెట్టినవాళ్లకు ఎప్పుడూ నిరాశే.

స్ప్రింగును బయటికి తీయకముందే టార్చి వేసి అడుగు చుట్టు చూడాలి. బురద, నీళ్లు నిలిచేది అక్కడే. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీర ప్రాంతాల్లో తిరిగిన బండ్లలో రంగు లేచిపోయి, తీగ మీద గుంటలు పడి, చివరి సగం చుట్టు విరిగిపోవడం సాధారణం. ముక్క కప్పులోనే ఇరుక్కుని ఉంటుంది కాబట్టి పైకి విరిగినట్టు కనిపించదు. బండి ఒక పక్క 15, 20 మి.మీ. దిగి ఉంటుంది, అంతే. పైనా కిందా ఉండే రబ్బరు ప్యాడ్లు నలిగి పలచబడినా కొన్ని మిల్లీమీటర్లు పోతాయి. ప్యాడ్ జత ఖరీదు స్ప్రింగుతో పోలిస్తే చాలా తక్కువ. పాతవి తిరిగి వాడటం అనవసరపు పొదుపు.

తర్వాత తూకం

ఊరి బయట ఇసుక లారీలు తూచే వే బ్రిడ్జి దగ్గరికి బండిని తీసుకెళ్లాలి. మొదట బండి మొత్తం, తర్వాత వెనక చక్రాలు మాత్రమే పళ్లెం మీద ఉండేలా నిలిపి ఇంకోసారి. ఖాళీగా ఒక చీటీ, మామూలుగా ప్రయాణించే జనంతో, సామానుతో మరో చీటీ. స్ప్రింగు కొనేవాళ్లలో ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ. మిగతా నిర్ణయాలన్నిటికీ పునాది మాత్రం ఇదే.

ఒక ఉదాహరణ లెక్క. వెనక యాక్సిల్ మీద ఖాళీ బండి 940 కిలోలు చూపించింది. జనంతో, సామానుతో 1,340 చూపించింది. వెనక హౌసింగు (యాక్సిల్ తొడుగు), చక్రాలు, బ్రేకులు కలిపి 140 కిలోలు అనుకుందాం. అవి స్ప్రింగుకు కింద ఉంటాయి కాబట్టి తీసేయాలి. మిగిలినదాన్ని సగం చేస్తే ఒక్కో స్ప్రింగు ఖాళీగా 400, నిండుగా 600 కిలోలు మోస్తోంది. స్ప్రింగు తీగ మందం 15 మి.మీ., చుట్టు సగటు వ్యాసం 130 మి.మీ., పనిచేసే చుట్లు ఆరున్నర అయితే ఒక మిల్లీమీటరు నొక్కడానికి సుమారు 3.57 కిలోలు కావాలి. జనం ఎక్కితే వెనక భాగం 56 మి.మీ. దిగుతుంది. ఖాళీగా బండి సెకనుకు ఒకటిన్నర సార్లు, నిండుగా 1.2 సార్లు ఊగే స్వభావంతో ఉంటుంది. ఇలాంటి బండికి ఇది సుఖమైన ప్రయాణమే.

ఇప్పుడు అదే కొలతల్లో తీగ మాత్రం 16 మి.మీ. ఉన్న ‘హెవీ డ్యూటీ’ స్ప్రింగు వేద్దాం. గట్టితనం తీగ మందపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకు 3.57 కాస్తా 4.62 అవుతుంది, అంటే 29 శాతం ఎక్కువ. జనం ఎక్కితే దిగుడు 56 నుంచి 43 మి.మీ.కు తగ్గింది, బాగానే ఉంది. ఖాళీ బండి సంగతి చూస్తే, 400 కిలోల కింద పాత రకం 112 మి.మీ. నొక్కుకునేది, కొత్తది 87 మాత్రమే నొక్కుకుంటుంది. పొడవు అసలు స్ప్రింగంతే ఉంటే బండి కంపెనీ ఇచ్చిన ఎత్తు కన్నా 25 మి.మీ. పైకి లేచి నిలబడుతుంది. ఒకరిద్దరు తిరిగే రోజుల్లో, అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు, ప్రతి గుంతా నేరుగా నడుముకు తగులుతుంది.

ఈ లెక్క స్ప్రింగు నేరుగా యాక్సిల్ మీద కూర్చున్న అమరికకు సరిపోతుంది. స్ప్రింగు యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే ట్రెయిలింగ్ ఆర్మ్ మీద, చక్రానికి ముందుగా కూర్చుంటే చక్రం దగ్గర తెలిసే గట్టితనం ఇంకా తక్కువ. అందుకే ఒక మోడల్ స్ప్రింగు అంకెలు మరో మోడల్‌తో పోల్చకూడదు.

బరువు నిజంగా పెరిగిన బండ్లు వేరు. సీఎన్‌జీ సిలిండరు, ఉక్కు బంపర్, టోయింగ్ హుక్, పైన క్యారియర్, ఎప్పుడూ దించని పనిముట్ల పెట్టె. యాక్సిల్‌కు వెనక వేలాడే బరువు తన బరువుకు మించి భారం మోపుతుంది. పాత స్కార్పియో వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,680 మి.మీ. అందులో యాక్సిల్‌కు 700 మి.మీ. వెనక 60 కిలోల సిలిండరు పెడితే వెనక యాక్సిల్ మీద పడేది దాదాపు 76 కిలోలు. మిగతా 16 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోయినవి. ఇలాంటి శాశ్వత భారం వెనక యాక్సిల్ మీద వంద కిలోలు దాటితే 10 నుంచి 15 శాతం గట్టి స్ప్రింగు న్యాయమే. ఏడాదికి నాలుగుసార్లు తిరుపతికి నిండుగా వెళ్లడం శాశ్వత భారం కిందికి రాదు.

కొనేటప్పుడు

కంపెనీ విడిభాగమే దొరికితే ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తీయించాలి. మోడల్ పేరు చెప్పి అడిగితే తప్పు జత రావడానికి అవకాశం ఎక్కువ. ఒకే పేరుతో అమ్మిన బండ్లలోనే టూ వీల్ డ్రైవ్, ఫోర్ వీల్ డ్రైవ్, ఏడు సీట్లు, తొమ్మిది సీట్లు అని రకాలుంటాయి, స్ప్రింగులు కూడా మారుతుంటాయి. కొత్త స్ప్రింగు మీద వేసే రంగు చుక్కలు ఈ తేడాల కోసమే. రెండు స్ప్రింగుల మీద చుక్కలు ఒకేలా లేకపోతే, కుడి ఎడమలకు వేర్వేరని కేటలాగ్ చెప్పినప్పుడు తప్ప, ఆ జత తీసుకోకూడదు.

ఉత్పత్తి ఆగిపోయిన మోడళ్లకు సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో బయటి తయారీ జత కొనక తప్పకపోవచ్చు. అప్పుడు వెర్నియర్ చేతిలో ఉండాలి. రంగు పొర గీకేసిన చోట తీగ మందం కొలవాలి. 0.3 మి.మీ. పొరపాటు పడితే, 15 మి.మీ. తీగకు గట్టితనం లెక్కలో 8 శాతం తేడా వస్తుంది. బయటి వ్యాసంలోంచి తీగ మందం తీసేస్తే సగటు వ్యాసం. చుట్లు లెక్కపెట్టేటప్పుడు కప్పుల్లో కూర్చునే చివరి భాగాలను వదిలేయాలి. ఒక చివర చుట్లు దగ్గరదగ్గరగా ఉంటే అది బరువును బట్టి గట్టిపడే రకం. బండి బరువుకే ఆ దగ్గరి చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతే అవి ఇక పనిచేయవు, మిగిలిన చుట్లే లెక్క. చివరలు అసలు వాటిలాగే ఉండాలి: చదునుగా సానబట్టినదా, తెరిచి ఉన్నదా, లోపలికి ముడుచుకున్నదా. చివర ఆకారం కప్పుకు సరిపోకపోతే కొలతలన్నీ సరిపోయినా ఆ స్ప్రింగు పనికిరాదు, కిర్రుమంటూ పక్కకు జరుగుతుంది.

కేవలం పొడవు చూసి మోసపోకూడదు. పొట్టిగా ఉన్నా గట్టి స్ప్రింగు బండిని అదే ఎత్తులో నిలపగలదు. పొడవుగా ఉన్నా మెత్తనిది కిందికి దిగిపోతుంది. ఎన్ని కిలోల బరువు కింద ఎంత ఎత్తులో నిలుస్తుందో చెప్పగలిగిన తయారీదారే నమ్మదగినవాడు. ఆస్ట్రేలియాలో, అమెరికాలో పాత టయోటా ల్యాండ్ క్రూజర్లు, ప్రాడోలు, ఫోర్‌రన్నర్లు నడిపేవాళ్లకు ఈ విషయంలో సౌకర్యం ఉంది. అక్కడి పేరున్న తయారీదారులు వెనక స్ప్రింగులను మోసే అదనపు బరువును బట్టి విడివిడిగా అమ్ముతారు. అక్కడ కూడా తూకం వేయించకుండా పై రకం కొనేసి అవస్థ పడేవాళ్లు తక్కువేమీ కాదు.

స్క్రాప్‌లో దొరికే పాత స్ప్రింగులు వద్దు. పదేళ్లు నలిగినదాన్ని తీసి పదేళ్లు నలిగినదాన్ని పెట్టడానికి అంత కష్టపడటం ఎందుకు?

అడ్డదారులు, వాటిలో ఏది ఎంతవరకు

చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు మన దగ్గర విపరీతంగా అమ్ముడవుతాయి. బఫర్ పెట్టిన చోట ఆ చుట్టు పని దాదాపు ఆగిపోతుంది. అసలే వయసైన ఉక్కులో మిగతా చుట్లు ఆ కదలికను కూడా భరించాలి. రబ్బరు కింద నీళ్లు నిలిచి రంగు పోతుంది. విరగడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

గ్యాస్ మంటతో స్ప్రింగును కాల్చి సాగదీయడం ఇంకా ప్రమాదం. ఈ ఉక్కుకు బలం వచ్చేది కొలిచిన వేడి వద్ద చేసిన గట్టిపరచడం, టెంపరింగ్ వల్ల. కాల్చిన చోట ఆ గుణం పోతుంది. అక్కడే మళ్లీ కుంగుతుంది, లేదా విరుగుతుంది. వేరే బండి పొడవాటి స్ప్రింగు తెచ్చి ఒక చుట్టు కోసి పెట్టడం ఇంకో పద్ధతి. ఆరున్నర చుట్లు ఐదున్నర అయితే గట్టితనం 18 శాతం పెరుగుతుంది, పైగా కోసిన చివర కప్పులో సరిగా కూర్చోదు.

స్ప్రింగు పైన ఎత్తు కోసం పెట్టే స్పేసర్ దిమ్మను మాత్రం అన్యాయంగా తిట్టకూడదు. రెండు పక్కలా సమానంగా 15, 20 మి.మీ. కుంగి, పగుళ్లు లేకుండా, తుప్పు లేకుండా ఉన్న జతకు అంతే మందం స్పేసర్ వేస్తే కోల్పోయిన ఎత్తు తిరిగి వస్తుంది, గట్టితనం మారదు. పైన వాదించినదంతా దీన్నే సమర్థిస్తుంది. అయితే కుంగడం ఆగదు కాబట్టి అది కొన్నాళ్ల సర్దుబాటే. కుంగినదానికి మించిన మందం వేస్తే పెద్ద గుంతలో చుట్లన్నీ కలిసిపోయి స్ప్రింగు దిమ్మెలా మారే ముప్పు ఉంది. 15 మి.మీ. తీగ, మొత్తం 8 చుట్లు అంటే 120 మి.మీ. దగ్గర ఇక నొక్కడానికి ఏమీ మిగలదు.

అప్పుడప్పుడు మాత్రమే బరువు మోసే బండికి కాయిల్ లోపల పట్టే గాలి సంచులు మంచి జవాబు. ఖాళీగా ఉన్నప్పుడు సంచి నలగకుండా 5 పీఎస్ఐ గాలి ఉంచి, ప్రయాణం రోజున పెంచుకుంటే సరిపోతుంది. రెండు సంచులనూ ఒకే గొట్టంతో కలపకుండా విడివిడి వాల్వులు పెట్టాలి. కలిపితే మలుపులో గాలి ఒక సంచిలోంచి మరోదానిలోకి పోయి బండి ఇంకా వాలుతుంది. బంప్ స్టాప్ కాయిల్ లోపలే ఉన్న మోడళ్లలో దాన్ని కోసి సంచి పెట్టమంటారు. సంచి పగిలిన రోజున ఆపేది ఏమీ ఉండదని తెలిసి నిర్ణయించుకోవాలి.

బొలెరో లాంటి కమాను పట్టీల బండ్లు

కాయిల్ బదులు కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్న ఈ బండ్లలో గట్టితనం పట్టీ మందపు మూడో ఘాతంతో పెరుగుతుంది. 7 మి.మీ. పట్టీల బదులు 8 మి.మీ. వేస్తే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఐదు పట్టీల కట్టకు అదే మందంలో, అదే నిడివిలో ఇంకో పట్టీ చేరిస్తే 20 శాతం, పొట్టి పట్టీ అయితే అంతకన్నా తక్కువ. కాబట్టి బరువు కొంచెం పెరిగిన బండికి పట్టీ చేర్చడం అర్థవంతం, మందం మార్చడం అతి. పట్టీల మధ్య ఖాళీలతో, అంచులకు పోనుపోను పలచబడే పారాబోలిక్ కట్టలో మాత్రం మామూలు పట్టీ దూర్చకూడదు.

సమ్మెట దెబ్బలతో చల్లగానే వంపు తెప్పించిన పట్టీలు కొద్ది నెలల్లో మళ్లీ చదునవుతాయి. కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ టెంపర్ చేసే వసతి ఉన్న స్ప్రింగ్ వర్క్స్‌లో చేయిస్తేనే నిలుస్తుంది. యూ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి, కట్ట విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. కట్ట చివరను ఛాసిస్‌కు వేలాడదీసే షాకిల్‌లోని బుష్‌లు అరిగి బిగుసుకుపోయినా బండి గట్టిగా అనిపిస్తుంది. కట్టను నిందించే ముందు వాటిని చూడాలి.

ఎత్తు మారితే మారేవి

ఏబీఎస్ లేని పాత బండ్లు చాలావాటిలో వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీది ఒక వాల్వుకు సన్నటి కడ్డీ ఉంటుంది. వెనక ఎంత దిగిందో చూసి, బరువు ఎంతుందో అంచనా వేసి, వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో ఆ వాల్వు నిర్ణయిస్తుంది. స్ప్రింగు కుంగితే ఖాళీ బండి కూడా దానికి నిండుగా కనిపిస్తుంది. వర్షంలో గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి అడ్డం తిరగవచ్చు. గట్టి స్ప్రింగు వేసి పైకి లేపితే ఇందుకు తలకిందులుగా జరుగుతుంది. నిండు బండి కూడా ఖాళీగా కనిపించి వెనక బ్రేకు బలహీనపడుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. స్ప్రింగు మార్చి ఈ కడ్డీని సరిచేయకుండా బండిని బయటికి పంపడం ప్రాణాల మీదికి తెచ్చే నిర్లక్ష్యం. ఎత్తును అసలు కొలతకే తేవాలనడానికి ఇదొక్క కారణం చాలు.

గట్టి స్ప్రింగును పాత షాకర్ అదుపు చేయలేదు. గట్టితనం 29 శాతం పెరిగితే అదే అదుపుకు షాకర్ పట్టు సుమారు 14 శాతం పెరగాలి. అసలు గట్టితనమే వేసినా, ఎనభై వేల కిలోమీటర్లు దాటిన షాకర్లను అదే విప్పుడులో మార్చేస్తే కూలి కలిసి వస్తుంది. 40, 50 మి.మీ. లేపాలనుకునేవాళ్లకు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, బ్రేకు గొట్టం పొడవు, యాక్సిల్‌ను పక్కలకు కదలకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ వల్ల యాక్సిల్ పక్కకు జరగడం, బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఇవన్నీ వేరే లెక్కలు. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగించుకోవలసిన బండికి తనిఖీలో అదో తలనొప్పి.

బిగించడం

ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టి, వెనక భాగం లేపి, స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టాలి. యాక్సిల్ కింద పెడితే పని జరగదు. ట్రాలీ జాకీతో యాక్సిల్‌ను ఆపి ఉంచి, షాకర్ల కింది బోల్టులు, యాంటీ రోల్ బార్ లింకులు, బ్రేకు వాల్వు కడ్డీ, బ్రేకు గొట్టం క్లిప్పు, ఏబీఎస్ వైరు ఉంటే అది, హౌసింగ్ బ్రీదర్ గొట్టం విడదీయాలి. యాక్సిల్ వేలాడటంతో బ్రేకు గొట్టం తెగడం ఈ పనిలో ఎక్కువగా జరిగే నష్టం. జాకీ నెమ్మదిగా దించితే సఫారీ, స్కార్పియో లాంటి లైవ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్) బండ్లలో స్ప్రింగు సాధారణంగా కంప్రెసర్ లేకుండానే చేతికి వస్తుంది. రాకపోతే పాన్‌హార్డ్ రాడ్ ఒక చివర విప్పాలి, గునపంతో ఎగదోయకూడదు.

కప్పుల్లో తుప్పు గీకి, రంగు వేసి, కొత్త ప్యాడ్లతో స్ప్రింగు పెట్టాలి. తీగ చివర కప్పులోని అడ్డకు ఆనాలి. రబ్బరు బుష్ ఉన్న బోల్టులను గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బండి దించి, చక్రాల మీద బరువు పడ్డాకే మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది, ఎత్తు కొలత కూడా తప్పు చూపిస్తుంది.

కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని రోజుల్లో కొన్ని మిల్లీమీటర్లు సర్దుకుంటాయి. 500 కిలోమీటర్లు తిరిగాక చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా మళ్లీ కొలిచి, బోల్టులు మరోసారి చూసి, ఆ తర్వాత బ్రేకు వాల్వు కడ్డీని చివరిసారిగా మాన్యువల్ కొలతకు తేవాలి. బిగించిన రోజున కడ్డీకి చేసేది తాత్కాలిక సర్దుబాటే కాబట్టి ఆ మధ్యలో నిండు బరువుతో దూరం వెళ్లకపోవడం మంచిది. హెడ్‌లైట్లు చివర. వెనక కుంగి ఉన్నన్నాళ్లూ ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా ఎవరో వాటిని కిందికి దించి ఉంటారు. ఇప్పుడు వెనక లేచింది కాబట్టి వెలుగు బంపర్ ముందే నేలను తాకుతుంది. గోడ ముందు నిలిపి, డ్రైవరు సీటులో ఒకరు కూర్చుని ఉండగా సరిచేయించాలి.